నాటుకోడి ఉడికేలోపు

విడపనకల్లులో ఆదివారం. కట్టెల పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతోంది. ముదురు కోడి, రెండు గంటలు పట్టినా తొందరపెట్టకూడదు. ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం పట్టించి, మునిగేటన్ని నీళ్లు పోసి మూత పెట్టాలి. ఆ తర్వాత రెండు కట్టెలు వెనక్కి లాగాలి. ధనియాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద చివర్లోనే వేయాలి. ముందే వేస్తే అడుగంటుతుంది.

అక్క కొడుకు ఫోన్ చూపించాడు. "మామా, డాలర్లు కొని అమ్మితే రోజూ లాభమంట!"

పక్కన కూర్చోబెట్టుకున్నాను. మన ఎక్స్ఛేంజీల్లో కరెన్సీ ఫ్యూచర్స్ 2008లో మొదలయ్యాయి. లాటుకు 1,000 డాలర్లు. రూపాయి పది పైసలు అటూఇటూ అయితే వంద రూపాయలు వస్తాయి, లేదా పోతాయి. కట్టే మార్జిన్ కొంచెమే కనుక నష్టం దాన్ని మించిపోవచ్చు. డాలర్లతో ఎగుమతి దిగుమతుల వంటి అసలు అవసరం ఉన్నవాళ్లకే ఈ బేరమని రిజర్వ్ బ్యాంకు 2024లో స్పష్టం చేసింది. అనుమతి లేని వేదికల అలర్ట్ లిస్టును 2022 నుంచే ప్రకటిస్తోంది. వెతికితే వాడి యాప్ అందులో ఉంది.

తొలకరికి పక్కనే వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. దొరికినవాడి కథ ఊళ్లన్నీ తిరుగుతుంది. ఉత్తచేతులతో బస్సెక్కినవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వీడు అలా కాకూడదు.

యాప్ తీసేశాడు. మూత తీసి చూశాను. ఎముక దగ్గర మాంసం ఇంకా గట్టిగానే ఉంది. సంగటికి ఎసరు పెట్టమన్నాను.