బేగంపేటలో గాలి చదువు: తొలి పాఠం నుంచి విక్రయ పత్రం దాకా

హైదరాబాద్ నగరం మధ్యలో, సముద్ర మట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉన్న బేగంపేట విమానాశ్రయం, 2008 మార్చి 23న శంషాబాద్‌లో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం పని ప్రారంభించిన నాటి నుంచి సాధారణ ప్రయాణికుల రాకపోకలకు దూరమైనప్పటికీ, గగనయానానికి మాత్రం దూరం కాలేదు. నిర్ణీత వేళలకు టికెట్ల మీద నడిచే సర్వీసులనూ, సైనిక విమానాలనూ మినహాయించగా మిగిలే విమానయానమంతటినీ జనరల్ ఏవియేషన్ అంటారు. పైలట్ శిక్షణ, సొంత విమానాలు, వ్యాపార సంస్థల జెట్లు, అద్దెకు తిరిగే చిన్న విమానాలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ప్రయాణికుల రద్దీ తొలగిపోయిన తరువాత బేగంపేటకు మిగిలిన ముఖ్యమైన పని ఇదే.

ఈ నేలకు విమానంతో సంబంధం 1930వ దశకంలో హైదరాబాద్ ఏరో క్లబ్ ఏర్పాటుతో మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ ఇక్కడి నుంచి నడిచి, 1953 నాటి జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు సంపాదించి, దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది కూడా దక్కన్ ఎయిర్‌వేసే. అంటే తెలుగు నేల మీద విమానం నడపడం నేర్చుకోవాలన్న కోరికకు తొమ్మిది దశాబ్దాల చరిత్ర ఉన్నది.

ఈ కథనానికి ఆధారమైన సందర్శన ఆ ప్రాంగణంలోని ఒక శిక్షణ కేంద్రంలో, వేసవి ఉదయం వేళ సాగింది. విమానం నడపడం నేర్వడం, విమానాన్ని కొనడం, అమ్మడం పైకి వేర్వేరు వ్యవహారాలుగా కనిపిస్తాయి. వాటన్నిటినీ కలిపి పట్టి ఉంచే సూత్రం ఏమిటో తరగతి గది నుంచి హ్యాంగరు దాకా, హ్యాంగరు నుంచి రికార్డుల గది దాకా వెళ్ళి పరిశీలించడమే ఈ సందర్శన ఉద్దేశం.

వేసవిలో ఇక్కడి శిక్షణ సూర్యోదయంతోనే ఎందుకు మొదలవుతుందో తరగతి గదిలోని నల్లబల్ల మీది లెక్క స్పష్టం చేస్తుంది. అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణం ప్రకారం బేగంపేట ఎత్తులో ఉండవలసిన ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీల సెల్సియస్ కాగా, మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినప్పుడు రన్‌వే మీది గాలి, ప్రామాణిక లెక్కలో 5,000 అడుగులకు పైన ఉండే గాలంత పలచబడుతుంది. విమానం తాను ఏ ఎత్తులో ఉన్నట్లు ప్రవర్తిస్తుందో తెలిపే ఈ అంకెను సాంద్రతా ఎత్తు అంటారు. పలచని గాలిలో ఇంజినుకు శక్తి తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు లాగే బలం తగ్గుతుంది, అదే ఎత్తుదల బలం పుట్టించడానికి రెక్క మరింత వేగంగా సాగవలసి వస్తుంది. ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి నేల విడవడానికి ఎక్కువ రన్‌వే కావాలి, విడిచిన తరువాత పైకెక్కడం కూడా మందగిస్తుంది. విద్యార్థి తొలి పాఠంలో ఆకాశాన్ని కాక ఉష్ణమాపకాన్ని చదవడం నేర్చుకోవడానికి కారణం ఇదే.

బయట నిలిపి ఉన్న సెస్నా 172, 1955లో తొలిసారి ఎగిరి, ఇప్పటికి 44,000కు పైగా తయారై, ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో ఉత్పత్తి అయిన విమానంగా నిలిచిన నమూనా. నాలుగు సీట్లు, కాక్‌పిట్ పైభాగాన అమర్చిన రెక్క, గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల పిస్టన్ ఇంజిను దీని స్వరూపం. విద్యార్థి ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి చేసే పరీక్షలో ప్రతి అంగానికీ ఒక కారణం ఉంటుంది. విమానాన్ని పక్కలకు వాల్చే ఐలరాన్లు, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, ఎడమకూ కుడికీ మళ్ళించే రడ్డర్ అడ్డంకి లేకుండా కదులుతున్నాయో లేదో చేత్తో కదిపి చూస్తారు. రెక్కల అడుగున ఉన్న చిన్న కవాటాల నుంచి పారదర్శకమైన పాత్రలోకి కొద్దిగా ఇంధనం తీసి వెలుతురులో పరిశీలిస్తారు. పిస్టన్ విమానాలకు వాడే పెట్రోలుకు నీలిరంగు కలుపుతారు కనుక జెట్ ఇంధనం పొరపాటున కలిసి ఉంటే రంగులో తేడా కనిపిస్తుంది. నీరు చేరి ఉంటే అది పెట్రోలు కంటే బరువైనది కాబట్టి పాత్ర అడుగున విడిగా నిలుస్తుంది.

ఈ పనులన్నీ జ్ఞాపకం మీద కాక, చేతిలోని చెక్‌లిస్ట్ చదువుతూ జరుగుతాయి. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ 299 అనే కొత్త బాంబర్, గాలికి కదలకుండా నియంత్రణ ఫలకాలకు వేసిన తాళాన్ని తీయకుండానే బయలుదేరి కూలిపోయింది. దానిని నడిపినవారు అత్యంత అనుభవజ్ఞులు. అనుభవం మతిమరుపును ఆపలేదని తేలిన ఆ దుర్ఘటన తరువాతనే రాసిపెట్టిన చెక్‌లిస్ట్ విమానయానంలో స్థిరపడింది. ఇంజిను నడిచాక రన్‌వే చేరే ముందు మాగ్నెటోల పరీక్ష జరుగుతుంది. మాగ్నెటో అంటే బ్యాటరీతో నిమిత్తం లేకుండా, ఇంజిను తిరుగుడుతోనే నిప్పురవ్వ పుట్టించే సాధనం. ప్రతి సిలిండర్‌కూ రెండు ప్లగ్గులు, ఇంజినుకు రెండు మాగ్నెటోలు ఉంటాయి కనుక, ఒక్కొక్కదాన్ని ఆపి చూసి, మిగిలినది ఒంటరిగా పని నెట్టుకురాగలదో లేదో నిర్ధారిస్తారు.

తొలి దశ శిక్షణలో అధిక భాగం సర్క్యూట్ అనే దీర్ఘచతురస్రాకార మార్గంలోనే సాగుతుంది. రన్‌వే నుంచి పైకి లేచి, అడ్డంగా మళ్ళి, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వచ్చి, మళ్ళీ రెండు మలుపులతో రన్‌వేకు ఎదురుగా దిగడం ఈ మార్గం క్రమం. సాధారణంగా ఇది నేలకు 1,000 అడుగుల పైన సాగుతుంది కాబట్టి, సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తుమాపకం బేగంపేటలో సుమారు 2,740 అడుగులు చూపాలి. దీనికి తోడు శిక్షకులు పట్టుదలగా నేర్పేది స్టాల్ నుంచి బయటపడే విద్య. స్టాల్ అంటే ఇంజిను ఆగిపోవడం కాదు. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం సుమారు 15 డిగ్రీలు దాటినప్పుడు రెక్క పైభాగాన గాలి ప్రవాహం విడిపోయి, ఎత్తుదల బలం ఒక్కసారిగా పడిపోవడం. ముక్కు దించి ఆ కోణాన్ని తగ్గించడమే దానికి విరుగుడు. నేల దగ్గరవుతున్నప్పుడు ముక్కు దించడం మనిషి సహజ ప్రవృత్తికి విరుద్ధం కనుకనే, తగినంత ఎత్తులో దాన్ని పదేపదే సాధన చేయిస్తారు.

భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, పైలట్లకు లైసెన్సులిస్తుంది. 16 ఏళ్లు నిండినవారు విద్యార్థి పైలట్ లైసెన్సుకు, 17 ఏళ్లు నిండినవారు ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు, 18 ఏళ్లు నిండినవారు వాణిజ్య పైలట్ లైసెన్సుకు అర్హులు. ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు, వాణిజ్య లైసెన్సుకు కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. 200 గంటల్లో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడై నడిపినవి కావాలి. ప్రైవేట్ లైసెన్సు ఉన్నవారు స్నేహితులనూ కుటుంబసభ్యులనూ ఎక్కించుకోవచ్చు గాని, కిరాయి గాని జీతం గాని తీసుకుని నడపరాదు. ప్రైవేట్ లైసెన్సుకు రెండవ తరగతి వైద్య ధ్రువపత్రం, వాణిజ్య లైసెన్సుకు మరింత కఠినమైన మొదటి తరగతి ధ్రువపత్రం అవసరం.

ఈ గంటలన్నిటికీ సాక్ష్యం పైలట్ లాగ్‌బుక్. తేదీ, విమానం, బయలుదేరిన చోటు, దిగిన చోటు, పట్టిన కాలం ప్రతి ప్రయాణానికీ అందులో నమోదవుతాయి. ఎగరకుండానే రాసుకున్న దొంగ లెక్కలను విమానయాన వర్గాల్లో పీ-51 గంటలు అంటారు. ఆ పేరు యుద్ధ విమానానిదిగా వినిపించినా, అందులోని సూచన పార్కర్ 51 అనే కలానికి. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు అరెస్టయిన తరువాత, కాగితం మీది అబద్ధం ఎంత దూరం ప్రయాణించగలదో దేశానికి తెలిసింది. కలంతో నింపిన గంటలు పరీక్షాధికారిని ఏమార్చగలవేమో గాని, పక్కగాలి వీస్తున్న రన్‌వేను ఏమార్చలేవు.

హ్యాంగరులోనూ ఇదే ధర్మం మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడ ఇంజిను కప్పులు విప్పి ఉంచిన విమానానికి 100 గంటల తనిఖీ జరుగుతున్నది. సిలిండర్‌లోకి 80 పౌండ్ల పీడనంతో గాలి పంపి, ఎంత నిలిచిందో కొలిచే కంప్రెషన్ పరీక్షతో పిస్టన్ రింగులు, కవాటాల ఆరోగ్యం తెలుస్తుంది. తీసిన నూనె ఫిల్టరును కోసి, లోహపు రజను ఉందేమో చూస్తారు. ఇంజినును పూర్తిగా విప్పి పునరుద్ధరించడానికి తయారీదారు సూచించే గడువును టీబీఓ అంటారు. సెస్నా 172లో వాడే లైకమింగ్ ఇంజిన్లకు అది సాధారణంగా 2,000 గంటలు. పని పూర్తయ్యాక, లైసెన్సు ఉన్న నిర్వహణ ఇంజినీరు సంతకం చేస్తే తప్ప విమానం తిరిగి ఎగరరాదు.

విమాన దేహానికి, ఇంజినుకు, ప్రొపెల్లర్‌కు వేర్వేరుగా ఉండే లాగ్‌బుక్కులు భద్రపరిచిన రికార్డుల గది, కొనుగోలుదారుకు హ్యాంగరు కంటే ముఖ్యమైన స్థలం. పాత విమానం ధర దాని తయారీ సంవత్సరం మీద కంటే, ఇంజిను టీబీఓకు ఎంత దూరంలో ఉన్నది, గతంలో ప్రమాదానికి లోనైనదా, తుప్పు పట్టినదా అనే విషయాల మీద ఆధారపడుతుంది. నిర్దిష్ట లోపాల సవరణకు నియంత్రణ సంస్థలు తప్పనిసరిగా అమలు చేయాలంటూ జారీ చేసే ఆదేశాలను ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు అంటారు. అవన్నీ పాటించినట్లు రాతపూర్వక రుజువు ఉండాలి. లాగ్‌బుక్ పోయిన విమానానికి గతం నిరూపించే దారి లేదు కాబట్టి దాని విలువ వెంటనే పడిపోతుంది.

శిక్షణ విమానాల సంతలో పాతవి ఎందుకు ఇంత ఎక్కువో తెలియాలంటే అమెరికా చరిత్ర చూడాలి. ప్రమాద పరిహార దావాల భారంతో సెస్నా సంస్థ 1986లో పిస్టన్ విమానాల తయారీ ఆపివేసింది. 18 ఏళ్లు దాటిన విమానాల విషయంలో తయారీదారు మీద దావాలకు హద్దు విధిస్తూ 1994లో అమెరికా చట్టం చేశాకే ఉత్పత్తి మళ్ళీ మొదలైంది. రెండు సీట్ల సెస్నా 152 తయారీ 1985లో ముగిసి, తిరిగి ప్రారంభం కాలేదు. కనుక నేడు విద్యార్థి ఎక్కే ప్రతి సెస్నా 152 వయసు కనీసం నాలుగు దశాబ్దాలు. సరైన నిర్వహణలో ఆ వయసు దోషం కాదు గాని, నిర్వహణ సరిగా జరిగిందని చెప్పగలిగేది కాగితమే.

విదేశంలో విమానం కొనేవారు ముందు దాని మీద అప్పులు, తాకట్లు ఏమీ లేవని రిజిస్ట్రీలో సరిచూసుకోవాలి. అమెరికా విమానాలకైతే ఆ రిజిస్ట్రీ ఓక్లహోమా సిటీలో ఉన్నది. తరువాత అమ్మకందారుతో సంబంధం లేని ఇంజినీరుతో తనిఖీ చేయించి, సొమ్మును మధ్యవర్తి ఖాతాలో ఉంచి, విక్రయ పత్రం రాయించుకోవాలి. ఆ దేశపు నమోదు రద్దయ్యాకే డీజీసీఏ భారతీయ విమానాల గుర్తయిన వీటీ అక్షరాలతో కొత్త నమోదు ఇస్తుంది. దానితో పాటు, ఎగరడానికి యోగ్యమైనదని తెలిపే ధ్రువపత్రం కూడా ఉండాలి. పన్ను సంగతీ ముందే తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత వినియోగపు విమానాల మీద వస్తు సేవల పన్ను 40 శాతం.

రెండేళ్లకొకసారి బేగంపేటలోనే జరుగుతూ వచ్చిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో, 2024 జనవరిలో బోయింగ్ 777ఎక్స్ వంటి మహాకాయ విమానాలను చూడటానికి జనం తరలివచ్చారు. అటువంటి విమానాలను నడపవలసిన వారి తొలి గంటలు లెక్కకెక్కేది మాత్రం ఇలాంటి చిన్న హ్యాంగర్లలోనే కనుక, నగరాల మధ్య చిక్కుకున్న పాత విమానాశ్రయాల భూమిని ఇతర అవసరాలకు మళ్ళించే ముందు ప్రభుత్వాలు ఈ పాత్రను లెక్కలోకి తీసుకోవాలి. పిల్లలను పైలట్లను చేయదలచిన తల్లిదండ్రులు రుసుము కట్టే ముందే మొదటి తరగతి వైద్య పరీక్ష చేయించాలి. బోధనా సంస్థను ఎంచుకునేటప్పుడు విమానాల సంఖ్యతో పాటు, వాటిలో ఎన్ని నిత్యం ఎగరగల స్థితిలో ఉన్నాయో అడగాలి. విమానం కొనదలచినవారు రంగునూ సీట్లనూ చూడకముందు లాగ్‌బుక్కులు మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివించుకోవాలి. పైలట్‌కైనా విమానానికైనా ఈ రంగంలో చెల్లే విలువ ఒక్కటే: నిజంగా ఎగిరి, నిజాయితీగా రాసి, అర్హులు సంతకం చేసిన గంటలు.