టామ్ వేళ్ళు చూశారా?
టామ్ అండ్ జెర్రీని పిల్లల బొమ్మలేగా అని ఎవరైనా తీసిపారేస్తే మనసు చివుక్కుమంటుంది నాకు. 1947లో వచ్చిన 'ది క్యాట్ కాన్చెర్టో' చూడండి. టామ్ కోటు తొడుక్కుని దర్జాగా పియానో ముందు కూర్చుని ఫ్రాంజ్ లిస్ట్ హంగేరియన్ రాప్సొడీ అందుకుంటాడు. ఆ పియానో లోపల పడుకున్న జెర్రీకి మెలకువొస్తుంది. ఇంక చూస్కోండి! ఎంత రభస జరిగినా వాయిద్యం మాత్రం ఆగదు. ఏ స్వరం పలికితే ఆ మెట్టు మీదే టామ్ వేలు. అదీ కంప్యూటర్లు లేని రోజుల్లో, ఒక్కో బొమ్మా చేత్తో గీసి!

టామ్ అండ్ జెర్రీని సృష్టించిన హన్నా, బార్బెరాల పేర్లు అందరికీ తెలుసు. సంగీతం కూర్చిన స్కాట్ బ్రాడ్లీని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఆ బొమ్మలకి సగం ప్రాణం ఆయనదే. 'ది క్యాట్ కాన్చెర్టో'కి ఆస్కార్ ఊరికే రాలేదు. ఎనిమిది నిమిషాలు కూడా ఉండదు, ఈసారి పిల్లల పక్కన కూర్చుని మీరూ చూడండి.