కుంచెడు వడ్లకి మిల్లెందుకు?

సాఫ్టువేరు రాసుకుని బతికే మనకి హార్డువేరు గుర్తొచ్చేది రెండే సందర్భాల్లో. ఒకటి, ల్యాపుటాపు కుంపటిలా కాలిపోయి ఒళ్ళో పెట్టుకోలేకపోయినప్పుడు. రెండు, రాసిన ప్రోగ్రాము ఎంతకీ పరిగెత్తక, "దీనికో కార్డు కొని పడేస్తే పోదూ" అని మీటింగులో ఎవరో ఒకరు అన్నప్పుడు. ఇవాళ నా గోలంతా ఈ రెండో సందర్భం గురించే. అందులోనూ ఒకే ఒక్క పని గురించి.. డేటాని కుదించడం, అదే, కంప్రెషన్.

జిప్ ఫైలు చెయ్యని వాడు మనలో ఎవడూ ఉండడు గానీ, ఆ కొద్దిసేపట్లో లోపల ప్రాసెసరు పడే పాట్లు చాలామంది పట్టించుకోరు. జీజిప్ చేసేది ముఖ్యంగా రెండు పనులు. డేటాలో ఒక్కో చోట ఆగి, "ఇలాంటి ముక్క ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందా" అని వెనక్కి 32 కిలోబైట్ల దాకా వెతుకుతుంది. దొరికితే ముక్కకి బదులు దాని చిరునామా రాస్తుంది. తర్వాత ఎక్కువసార్లు వచ్చే వాటికి పొట్టి కోడు, అరుదుగా వచ్చే వాటికి పొడుగు కోడు ఇస్తుంది (మన హఫ్‌మన్ గారి పద్ధతి, కాలేజీలో పరీక్ష కోసం చదివి మర్చిపోయిందే). ఇందులో వెతుకులాటే ఖరీదు. మామూలు ప్రాసెసరు ఒకదాని తర్వాత ఒకటి పోల్చుకుంటూ పోవాలి, పైగా తర్వాతేం వస్తుందో ముందే ఊహించడం దానికి కుదరదు. అదే పని కోసం ప్రత్యేకంగా సర్క్యూటు కడితే బోలెడు చోట్ల ఒకేసారి పోల్చి చూడొచ్చు. ఆ సర్క్యూటే మనం యాక్సిలరేటర్ అంటున్నది.

మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఏ సంగతైనా వడ్లతో పోల్చి చూసుకుంటే గానీ నా బుర్రకెక్కదు. ఇంట్లో రోలూ రోకలీ ఉన్నాయనుకోండి. వడ్లు దంపుకోవచ్చు, పిండి కొట్టుకోవచ్చు, కారం దంచుకోవచ్చు. అన్ని పనులూ చేస్తుంది, అన్నీ నెమ్మదిగానే. అది మన ప్రాసెసరు. ఊరి చివర రైసు మిల్లుంది. అది వడ్లు ఆడటం తప్ప ఇంకో పని చెయ్యదు, కానీ ఆ ఒక్కటీ చకచకా చేసేస్తుంది. అది యాక్సిలరేటరు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మీటింగులో ఎవరూ మాట్లాడనిది మిల్లుకి వెళ్ళే దారి సంగతి. బస్తాలు బండికెత్తాలి, మిల్లు దగ్గర వరసలో నిలబడాలి, ఆడించాక బియ్యం మళ్ళీ ఇంటికి తోలుకోవాలి. యాభై బస్తాలైతే ఆ శ్రమకి అర్థముంది. కుంచెడు వడ్ల కోసం బండి కట్టేవాణ్ణి ఊళ్ళో వాళ్ళు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

కంప్యూటర్లో ఆ దారి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. డేటాని కార్డు అందుకోగలిగే చోట పెట్టాలి, డ్రైవరుకి చెప్పాలి, కార్డు తన వరసలో దాన్ని తీసుకోవాలి, పని అయ్యాక "అయిందహో" అని కబురు చెయ్యాలి. కార్డు లోపల పని క్షణంలో అయిపోవచ్చు, చుట్టూ ఉన్న తతంగానికి మాత్రం ప్రతిసారీ కొంత కనీస ఖర్చుంటుంది. ముక్క మెగాబైట్లలో ఉంటే ఆ ఖర్చు కనపడదు. నాలుగు కిలోబైట్లయితే ఆ ఖర్చే మిగులుతుంది.

ఈ దారి ఖర్చు ఎంత ముఖ్యమో ఐబీఎం వాళ్ళ మెయిన్‌ఫ్రేముల కథ చూస్తే తెలుస్తుంది. 2013లో వాళ్ళు జెడ్‌ఈడీసీ అని ఒక కంప్రెషన్ కార్డు తెచ్చారు, విడిగా కొని పీసీఐ స్లాటులో పెట్టుకునేది. 2019లో వచ్చిన జెడ్15కి వచ్చేసరికి కార్డు తీసేసి, ఆ సర్క్యూటుని ప్రాసెసరు చిప్పులోనే కలిపేశారు. ప్రోగ్రాము ఒక్క ఇన్‌స్ట్రక్షనుతో పని అప్పగించి, అక్కడే ఫలితం తీసుకోవచ్చు. అంటే మిల్లుని పెరట్లోకే తెచ్చుకున్నారన్నమాట. పవర్9 చిప్పులో ఉన్న ఇలాంటి సర్క్యూటు గురించి ఆ ఇంజినీర్లు 2020లో రాసిన పరిశోధన వ్యాసంలో లెక్కలు కళ్ళు తిరిగేలా ఉంటాయి. చిప్పు వైశాల్యంలో అర శాతం కూడా ఆక్రమించని ఆ ముక్క, ఒక్క కోరు మీద జెడ్‌లిబ్ నడిపినదానికంటే 388 రెట్లు వేగంగా పనిచేసిందట. చిప్పులో ఉన్న కోర్లన్నీ కలిపి నడిపినా 13 రెట్లు ముందే ఉందట. మనవాళ్ళు ఇలాంటి వ్యాసాల్లో 388 అనే అంకె ఒక్కటే పట్టుకుని ప్రెజెంటేషన్లో పెడతారు. అర శాతం చోటులోనే ఇమిడింది, ప్రాసెసరు పక్కనే ఉంది అన్న ముక్కలు వదిలేస్తారు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది.

ఓ కంపెనీలో (పేరు అనవసరం) జరిగింది చెప్తాను. రాత్రి బ్యాకప్పు తెల్లారేలోపు అవ్వట్లేదు. కంప్రెషన్ వల్లే ఆలస్యం, కార్డులు కొందామన్నారు. కొటేషన్లు కూడా వచ్చేశాయి. మా టీములో ఒక కుర్రాడు, కొత్తగా చేరినవాడు, రెండు రాత్రులు కూర్చుని ప్రొఫైలు తీశాడు. తేలిందేమంటే, ప్రోగ్రాము ఒక్కో రికార్డునీ విడివిడిగా కుదిస్తోంది. రికార్డంతా కలిపితే ఒక పేజీ ఉండదు. అంత చిన్న ముక్కలో వెనక్కి వెతకడానికి ఏముంటుంది? సరిగ్గా కుదిరేది కాదు, ప్రతి రికార్డుకీ మొదట్నించీ సరంజామా అంతా సర్దుకోవడం మాత్రం తప్పేది కాదు. ఆ తీరులో కార్డులు పెట్టుంటే కుంచెడు కుంచెడు చొప్పున లక్షసార్లు మిల్లుకి తిరిగినట్టుండేది. వందల రికార్డుల్ని ఒక దిమ్మగా కట్టి కుదించేసరికి, పాత ప్రాసెసరు మీదే పని తెల్లారేలోపు పూర్తయింది. కార్డులు కొనలేదు. ఆ కుర్రాడికి మెచ్చుకోలు మెయిలు ఒకటి వచ్చింది :)

అలాగని యాక్సిలరేటర్లన్నీ దండగ అనుకునేరు. అది తప్పనిసరి అయ్యే చోటు చూడాలంటే అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, శ్రీహరికోట చాలు.

2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద కార్టోశాట్-1 ఎగిరింది. శ్రీహరికోటలో రెండో ప్రయోగ వేదిక నుంచి వెళ్ళిన మొదటి రాకెట్టు అదే. సుమారు 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి, రెండున్నర మీటర్ల స్పష్టతతో, రెండు కెమెరాలతో నేలని ఫొటోలు తీసేది. ఒక్కో కెమెరా నుంచి సెకనుకి 336 మెగాబిట్ల డేటా పుట్టేది. కిందికి పంపే దారిలో ఒక్కో కెమెరాకి దక్కింది సెకనుకి 105 మెగాబిట్లు. భాగించి చూడండి, 3.2 వస్తుంది. కెమెరాకీ ట్రాన్స్‌మిటరుకీ మధ్య సరిగ్గా 3.2 రెట్లు కుదించే జేపెగ్ హార్డువేరుని పెట్టారు. కుదించాక గుప్తీకరించి పంపేవారు. (ఈ వరస గమనించండి. ముందు గుప్తీకరిస్తే డేటా అంతా కలగాపులగమైపోయి, ఆ తర్వాత ఎంత కుదించినా కుదరదు. మన ప్రాజెక్టుల్లో ఇది తిరగేసి చేసినవాళ్ళని చూశాను.)

హైదరాబాదు దగ్గర షాద్‌నగర్లో ఎన్నారెస్సీ వాళ్ళ యాంటెన్నాలున్నాయి. అంత ఎత్తులో తిరిగే ఉపగ్రహం వాటికి కనపడేది ఒక్కో విడతకి పది నిమిషాలు అటూ ఇటూగా. పది నిమిషాల్లో ఒక కెమెరా నుంచి పుట్టే డేటా దాదాపు 25 గిగాబైట్లు, దారిలో పట్టేది 8 గిగాబైట్లు. ఇక్కడ "ఇంకో సర్వరు పెడదాం" అనడానికి లేదు, "రేపు పంపుదాం" అంటే రేపటి ఫొటోలు క్యూలో ఉంటాయి. దారి ఇరుకు, టైము ఖాయం, కరెంటు సోలారు పలకలు ఇచ్చినంతే. డేటా మాత్రం ఆగకుండా ధారలా వస్తుంది. మిల్లు కట్టడానికి ఇంతకంటే సరైన చోటు ఉండదు. పైగా కెమెరా నుంచి కిందికి వచ్చే దారిలోనే మిల్లు ఉంది, విడిగా తోలుకెళ్ళే పనే లేదు.

దీనివల్ల మనకేంటి అంటారా? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు ఎప్పుడూ రాలేదు. కోనసీమ లంకల్లో మా పెద్దమ్మ వాళ్ళ ఊరొకటి. "నీళ్ళు అరుగెక్కాయిరా, మేం డాబా మీదున్నాం" అని ఫోను చేసి పెట్టేసింది, ఛార్జింగ్ అయిపోతుందని. అలాంటప్పుడు ఏ లంక ఎంత మునిగింది, ఏ గట్టు దగ్గర పడవ కావాలి అన్నది పైనుంచి చూసి చెప్పగలిగితే ఆ కబురుకి గంటల్లోనే విలువ. మర్నాటికి అది చరిత్ర.

వరదప్పుడు ఆకాశమంతా మబ్బు, మామూలు కెమెరాకి దూదిపింజెలు తప్ప ఏమీ కనపడదు. అందుకని రాడారు ఉపగ్రహాలు కావాలి. 2012 ఏప్రిల్లో రీశాట్-1, 2022 ఫిబ్రవరిలో ఈవోఎస్-04 మన శ్రీహరికోట నుంచే వెళ్ళాయి. రాడారు తరంగాలు మబ్బుల్లోంచి దూరిపోతాయి. నిలిచిన నీటి మీద పడితే నున్నటి గచ్చు మీద బంతిలా అవతలికి జారిపోతాయి, అందుకే ముంపు ప్రాంతం బొమ్మలో నల్లగా కనిపిస్తుంది. చిక్కేంటంటే, రాడారు పుట్టించే ముడి డేటా చూడ్డానికి అచ్చం గోలలా ఉంటుంది. పాత ముక్క మళ్ళీ రావడం అంటూ ఉండదు, జిప్ దాని మీద పనిచెయ్యదు. అందుకని ఇక్కడ వాడే ఎత్తు వేరు. డేటాని దిమ్మలుగా విడగొట్టి, ఒక్కో దిమ్మలో సంకేతం ఎంత బలంగా ఉందో కొలిచి, దాన్నిబట్టి ఒక్కో అంకెకీ తక్కువ బిట్లు కేటాయిస్తారు. బీఏక్యూ అంటారు. చాలా సాదా లెక్క. సాదా కాబట్టే హార్డువేరులో చవగ్గా, తక్కువ కరెంటుతో ఇముడుతుంది. డేటా స్వభావం తెలిసినవాడు కట్టిన మిల్లు అది.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. జేపెగ్ అయినా బీఏక్యూ అయినా కొంత సమాచారాన్ని శాశ్వతంగా పారేస్తాయి. బియ్యం పాలిషు పట్టినట్టే, పోయిన తవుడు మళ్ళీ గింజకి అంటుకోదు. కార్టోశాట్-1 రెండు కోణాల్లో తీసిన బొమ్మల్ని పోల్చి నేల ఎత్తు లెక్క కట్టేవారు. మన డెల్టా లాంటి బల్లపరుపు నేలలో ఎత్తులో చిన్న తేడా కూడా నీళ్ళెటు పోతాయో తేల్చేస్తుంది. ఎంత పారెయ్యొచ్చు, ఎంత ఉంచాలి అన్న నిర్ణయం డిజైను రోజునే అయిపోవాలి. పైకెళ్ళాక ఆ సర్క్యూటుకి ప్యాచ్ వెయ్యడానికి ఎవరూ వెళ్ళరు.

నేల మీద మనకీ ఈ బెడద ఉంది, కాస్త చిన్న మోతాదులో. జీజిప్ వాడే డిఫ్లేట్ పద్ధతి 1996లో ప్రమాణంగా అచ్చయింది, అప్పట్నించీ మారలేదు, కాబట్టి చిప్పులో పోతపోసినా ఫరవాలేదు. కానీ 2016లో ఫేస్‌బుక్ వాళ్ళ జెడ్‌స్టాండర్డ్ వచ్చింది. డిఫ్లేట్ కోసం కట్టిన సర్క్యూటు దాన్ని పుట్టించలేదు. 2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ జియాన్లలో ఉన్న క్విక్‌అసిస్టు దీనికి మధ్యేమార్గం పట్టింది. కష్టమైన వెతుకులాట హార్డువేరు చేస్తుంది, చివరి కోడింగు సాఫ్టువేరు చేస్తుంది. మారనిది ఇనుముకి, మారేది మనకి. నాకు నచ్చిన ఏర్పాటు ఇది.

అంచేత, ఈసారి మీటింగులో ఎవరైనా "కార్డు కొందాం" అంటే మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది, ఇరుకు ఎక్కడుంది? డిస్కులోనా, నెట్‌వర్కులోనా, ప్రాసెసర్లోనా? కొలిచిన కాగితం చూపించమనండి. రెండోది, మన డేటా కుదురుతుందా, ఎంతెంత ముక్కల్లో వస్తుంది? తెలుగు లాగులైతే బ్రహ్మాండంగా కుదురుతాయి, యూటీఎఫ్-8లో మన అక్షరానికి మూడేసి బైట్లు, అందులో మొదటిది ఎప్పుడూ ఒకటే. ఫొటోలూ వీడియోలూ అయితే ముందే కుదించి ఉంటాయి, మళ్ళీ మిల్లుకి తీసుకెళ్ళి ఏం లాభం? మూడోది, అయిదేళ్ళ తర్వాత పద్ధతి మారితే ఈ ఇనుమునేం చేస్తాం?

ఈ ప్రశ్నలకి జవాబులు కార్డు అమ్మేవాడి దగ్గర ఉండవు, ఉన్నా చెప్పడు. అవి మన కోడులోనే, మన డేటాలోనే ఉంటాయి. తవ్వి తీసే ఓపిక మాత్రం మనవాళ్ళలో తగ్గుతోందని నా బెంగ. కొనుగోలు ఆర్డరు పెట్టడానికి ఒక పూట చాలు, ప్రొఫైలు తియ్యడానికి రెండు రాత్రులు పడుతుంది. ఇప్పుడు క్లౌడులో ఒక్క మీట నొక్కితే యాక్సిలరేటరు అద్దెకొస్తుంది కాబట్టి, ఆ రెండు రాత్రులూ కూర్చునేవాళ్ళు మరీ అరుదైపోతున్నారు. మీ టీములో అలాంటివాడు ఒక్కడున్నా జాగ్రత్తగా కాపాడుకోండి. వాడి జీతం ఏ కార్డు ఖరీదుతోనూ పోల్చి చూడకండి.