అటక మీది ప్లేట్లు

కిందటి వేసవిలో మా ఫిల్మ్‌నగర్ ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశాం. పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతారు. అందాకా అద్దె ఇల్లే. ముప్పై ఏళ్ళ సామాను సర్దడం అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు కదా. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని రోజూ ఇంట్లో పంచాయితీయే.

అటక మీంచి ఒక రేకు పెట్టె దింపాను. మా అత్తయ్యగారు పెళ్ళయి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె. తెరిస్తే పాత నేత చీరలో చుట్టిన గ్రామఫోను ప్లేట్లు ఆరు. పైనున్నది తీసి కొంగుతో తుడవబోయాను. చేజారి గచ్చు మీద పడింది. మూడు ముక్కలు. పింగాణీ పళ్ళెం పగిలినట్టే పగిలింది.

మావారు తల ఎత్తకుండానే, "పోనీలే, ఇంట్లో గ్రామఫోనే లేదు. మిగతావి కూడా పాత సామాన్ల వాడికి వేసెయ్" అన్నారు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది.

అత్తయ్యగారు ఒక్క మాటా అనలేదు. ముక్కలు ఒళ్ళో పెట్టుకుని అతికినట్టు పేర్చి, వేలితో లేబుల్ తడిమి చూశారు. ఆ రాత్రి పెరుగన్నం కూడా వద్దన్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది.

మర్నాడు నేనే అడిగాను. "నాయుడుగారి ఫిడేలమ్మా అది. మా నాన్న విజయనగరంలో కొన్నారు" అన్నారు. ఆ తర్వాత అన్నమాటకి నేను అక్కడే కూలబడ్డాను. "నేనూ రెండేళ్ళు నేర్చుకున్నాను కదా, కాలేజీలో."

ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై రెండేళ్ళు. ఆవిడ చేతి ఆవకాయ కొలతలు నాకు కంఠతా వచ్చు. ఆవిడ వయొలిన్ వాయించేవారని మాత్రం ఆ రోజే తెలిసింది.

నాయుడుగారంటే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. 1893లో పుట్టారు. చూపు బాగా తక్కువ. మొదట అన్నగారి దగ్గరే నేర్చుకున్నారు. విజయనగరం మహారాజా వారు 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌ని చేస్తే, ఇరవయ్యారేళ్ళ నాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పట్లో వయొలిన్ అంటే పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించేదే. దాన్ని మధ్యలో కూర్చోబెట్టి సోలో కచేరీలు చేసి చూపించారాయన. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది. 1952లో మన దేశానికి వచ్చిన యెహూదీ మెనుహిన్ కూడా ఆయన వాయిద్యం విని ముగ్ధుడయ్యాడట. ఘంటసాలగారూ, సుశీలగారూ చదివింది ఆ కాలేజీలోనే. మా ఫిల్మ్‌నగర్ వాళ్ళు రోజూ తలుచుకునే గొంతులకి మూలం విజయనగరంలో ఉందన్నమాట.

"మరి ఎందుకు మానేశారు?" అన్నాను.

"మీ మామయ్యది మద్రాసులో స్టూడియో ఉద్యోగం. రాత్రంతా ఎడిటింగ్, పగలు నిద్ర. మాది ఒకే గది. పడుకున్న మనిషి పక్కన ఫిడేలు ఎవరు వాయిస్తారు?" అని నవ్వారు. ఎవరి మీదా కోపం లేదు ఆ నవ్వులో. ఫిడేలు ఆడపడుచు కొడుక్కి ఇచ్చేశారట. పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చేటప్పుడు గ్రామఫోనూ అమ్మేశారట. ప్లేట్లు మాత్రం అమ్మలేదు.

మా అబ్బాయి ఇక్కడే ఒక స్టూడియోలో సౌండ్ పని చేస్తాడు. మిగిలిన ఐదు ప్లేట్లూ వాడికి ఇచ్చాను. ఇప్పటి రికార్డ్ ప్లేయర్ ముల్లు వీటికి పనికిరాదట. ఈ గాళ్ళు వెడల్పు, వేరే ముల్లు కావాలి, నిమిషానికి 78 చుట్లు తిరగాలి. ఎవరి దగ్గరో సంపాదించి కంప్యూటర్లోకి ఎక్కించుకొచ్చాడు.

మొదటిది వినగానే అత్తయ్యగారు, "శ్రుతి పెరిగిందిరా" అన్నారు. వాడు నమ్మలేదు. తర్వాత చూసుకుంటే నిజమే. ఆ రోజుల్లో అన్ని ప్లేట్లూ కచ్చితంగా 78 మీదే రికార్డు చేయలేదట. వేగం కొంచెం తగ్గించాడు. "ఆఁ, ఇప్పుడు ఆయనే" అన్నారు.

రెండో వారం వాడు ఇంకా ముచ్చటగా తయారుచేసి తెచ్చాడు. బరబర శబ్దమంతా తీసేశాడు. నాకు ఎంతో బాగుంది. ఆవిడ మొహం చిన్నబోయింది. "కమాను ఏదిరా?"

వాడికి మొదట అర్థం కాలేదు. తర్వాత వాడే నాకు చెప్పాడు. కమాను తీగ మీద రాసుకునే సన్నటి శబ్దం, ప్లేటు గరగర రెండూ దగ్గర దగ్గరే ఉంటాయట. గరగరని పూర్తిగా తుడిస్తే కమానూ పోతుంది. మళ్ళీ మొదటి నుంచి చేశాడు. టపటపమనే గీతల చప్పుడు తీసి, మిగతాది వదిలేశాడు. ఎక్కడో నూనెలో పోపు చిటపటలాడుతున్నట్టు ఉంటుంది, దాని వెనకాల నాయుడుగారు.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ వింటాం. ఒక వైపు మూడు నిమిషాల చిల్లర, అంతే. కచేరీలో గంట పట్టే రాగాన్ని అంతలోనే చెప్పాలి. తొందర మాత్రం వినిపించదు. "కమాను ఎక్కడ తిప్పారో చెప్పు చూద్దాం" అంటారు అత్తయ్యగారు. నాకు దొరకదు. పొడుగ్గా సాగుతూనే ఉంటుంది, గొంతు ఊపిరి తీసుకోకుండా పాడుతున్నట్టు. ఆవిడకి దొరుకుతుంది. ఆ క్షణంలో చీర కుచ్చిళ్ళ మీద ఎడమచేతి వేళ్ళు కదులుతాయి.

మీ అటకల మీదా ఇలాంటివి ఉంటే ఒక్క మాట. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, స్టాండులో కంచాల్లా నిలబెట్టండి. ఎండ తగలనివ్వకండి. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. రెండు చేతులతో పట్టుకోండి. ఈ ఆఖరుది నేను నేర్చుకోవడానికి ఒక ప్లేటు ఖర్చయింది.

విరిగిన దాన్లో ఉన్నది ఎక్కడైనా దొరుకుతుందేమో అని మా అబ్బాయి వెతుకుతున్నాడు. ఇంకా దొరకలేదు. ముక్కలు అదే చీరలో చుట్టి అదే పెట్టెలో ఉంచాను. మొన్న భయపడుతూనే, "అందులో ఏముండేదో గుర్తుందా అత్తయ్యా?" అని అడిగాను. ఎనభై మూడేళ్ళ గొంతు, వణుకుతూ స్వరాలు అందుకున్నారు. మా అబ్బాయి చప్పుడు చెయ్యకుండా ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాడు. సగం దాకా వచ్చి ఆగిపోయారు.

"తర్వాతిది ప్లేటు రెండో వైపు ఉండేదమ్మా. రేపు చూద్దాం" అన్నారు.