ఎగువన కురిసిన వాన

అమెరికాలోని అరిజోనాలో, పేజ్ ఊరి దగ్గర ఆ మధ్యాహ్నం నడినెత్తిన మబ్బు తునక లేదు. ఆగస్టు ఎండకు ఎర్ర ఇసుక కళ్లలో గుచ్చుకుంటోంది. అయినా లోయర్ యాంటిలోప్ కేన్యన్ దగ్గర మమ్మల్ని ఆపేశారు. టిక్కెట్లు చేతిలో ఉన్నాయి, వరసలో అందరికంటే ముందున్నాం, కానీ గైడు దిగనివ్వడం లేదు. యాభై దాటిన నవాహో తెగ మహిళ ఆవిడ. వైర్‌లెస్ సెట్ చెవి దగ్గర పెట్టుకుని దక్షిణం వైపే చూస్తోంది. మేమూ అటు చూశాం. ఎక్కడో నేల అంచున ఒక నల్లమబ్బు, దాని కింద వాలుగా బూడిదరంగు ధారలు.

“వాన అక్కడ కదా పడుతోంది, ఇక్కడ కాదు కదా?” అన్నాడు వరసలో ఒక కుర్రాడు.

“ఇక్కడ పడే వానతో నాకు భయం లేదు. అక్కడ పడిందే ఇక్కడికి వస్తుంది” అంది ఆవిడ, చూపు తిప్పకుండానే.

ఈ కేన్యన్‌లో పారే యాంటిలోప్ క్రీక్ ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి ఉండే వంక. దక్షిణాన ఎత్తుగా ఉన్న పీఠభూమి మీద పడ్డ నీటిని పోగుచేసుకుని ఉత్తరంగా వెళ్లి లేక్ పావెల్ జలాశయంలో కలుస్తుంది. ఆ పీఠభూమి మీద చాలాచోట్ల నున్నటి బండే తప్ప మట్టి లేదు. నీటిని పట్టి ఉంచేంతగా గడ్డీ గాదం లేవు. కురిసింది కురిసినట్టే జారి వంకలో పడుతుంది. వెడల్పాటి ఇసుక వంకలో మోకాటి లోతున పారే నీరు, మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సన్నటి చీలికలోకి దూరేసరికి వెడల్పు కోల్పోయి ఎత్తుకు లేస్తుంది. ఫొటోల్లో చూసి మురిసిపోయే ఆ గోడల వంపులన్నీ ఇసుకతో కలిసి దూసుకొచ్చిన వరదలు చెక్కినవే.

1997 ఆగస్టు 12న ఇక్కడ చినుకు పడిందంటే పడిందన్నట్టుంది. కిలోమీటర్ల ఎగువన మాత్రం ఉరుములతో కుంభవృష్టి. ఆ నీరు లోయర్ కేన్యన్‌లోకి వచ్చినప్పుడు లోపల ఉన్న 11 మంది పర్యాటకులూ కొట్టుకుపోయారు. అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్, స్వీడన్ దేశాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతో ఉన్న గైడు ఒక్కడే బతికాడు. ఇద్దరి శవాలు ఎప్పటికీ దొరకలేదు. అప్పట్లో దిగడానికి కొన్నిచోట్ల చెక్క నిచ్చెనలు ఉండేవి, వరద వాటినీ పెకలించుకుపోయింది.

తర్వాత ఇనప నిచ్చెనలు తెచ్చి రాతికి బోల్టులతో బిగించారు. టిక్కెట్ల గది దగ్గర వాతావరణ శాఖ రేడియో, ప్రమాద సైరన్ పెట్టారు. గైడు లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఇన్ని చేసినా వరద రావడం మానలేదు. 2006 అక్టోబరులో వచ్చిన వరద 36 గంటలు పారింది, లోయర్ కేన్యన్‌ను అయిదు నెలలు మూసేయాల్సి వచ్చింది. 2010 జులైలో, ఇదే వంక మీద ఎగువనున్న అప్పర్ కేన్యన్‌లో కొందరు పర్యాటకులు రాతి అరుగు ఎక్కి నీళ్లు తగ్గేదాకా కూర్చున్నారు.

చాలాసేపటికి వైర్‌లెస్‌లో ఏదో మాట వచ్చింది. మబ్బు తూర్పుకి జరిగిపోయిందట. దిగాం.

లోపలి అందం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు గుర్తుండిపోయింది ఒక దుంగ. గైడు ఒక మలుపులో ఆగి టార్చి పైకి వేసింది. మా తలల మీద, చెయ్యి చాచినా అందనంత ఎత్తున, రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కుని ఉందది. బెరడు ఊడిపోయి తెల్లగా ఉంది. దాన్ని పట్టుకుని ఎండుగడ్డి, ముళ్లకంపలు, అట్టకట్టిన బురద. “ఇది ఎవరో పెట్టింది కాదు. నీళ్లు అక్కడిదాకా వచ్చాయి” అంది. అక్కడినుంచి టార్చిని మెల్లగా కిందికి దించి, మా పాదాల దాకా చూపించింది. ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు ఫోన్లు దించేశారు.

పైకి వచ్చాక ఆవిడతో మాట్లాడాను. వర్షాకాలంలో రోజుకు ఎన్నిసార్లు దక్షిణం చూస్తారని అడిగితే, చూడని క్షణం గురించి అడగమంది. చిన్నప్పుడు ఆ పీఠభూమి మీదే గొర్రెలు కాసిందట. మబ్బు కడితే మందను వంకలోంచి పైకి తోలడం నాయనమ్మ నేర్పిన మొదటి పని.

 

తిరుగు దారిలో కేమరన్ దగ్గర భోజనానికి ఆగాం. నవాహో టాకో తెప్పించాడు మా పిన్ని కొడుకు. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో పదేళ్లుగా ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నూనెలో వేగి పొంగిన రొట్టె మన పూరీలాగే ఉంది, కాకపోతే పళ్లెమంత. దాని మీద ఉడికిన చిక్కుడు గింజలు, మాంసం, పచ్చి ఉల్లిపాయలు. రుచి అద్భుతం, తిన్నాక కారెక్కడమే కష్టం. 1864లో నవాహోలను సొంత నేల నుంచి సైన్యం నడిపించి తీసుకుపోయి బంధించినప్పుడు వాళ్లకు దక్కిన రేషన్ పిండి, కొవ్వులతో ఈ రొట్టె పుట్టిందని చెబుతారు. అది విన్నాక ఒక ముక్క కూడా వదలబుద్ధి కాలేదు.

కేమరన్ వంతెన కింద లిటిల్ కొలరాడో నది. ఏడాదిలో చాలాకాలం ఇసుకే కనిపించే ఆ నదిలో ఆ రోజు చిక్కటి గోధుమరంగు నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. మాకు దారిలో ఎక్కడా వాన తగల్లేదు.

ఈ ఎడారికీ రుతుపవనాలు ఉన్నాయి, మాన్సూన్ అనే అంటారు. లెక్క ప్రకారం జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు. వేసవిలో నేల కాగిపోయి గాలి దిక్కు మారుతుంది, కాలిఫోర్నియా సింధుశాఖ, మెక్సికో సింధుశాఖల నుంచి తేమ వస్తుంది. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశంలో మధ్యాహ్నానికి కొండల మీద మబ్బులు లేస్తాయి, సాయంత్రానికి ఉరుములు. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 180 మిల్లీమీటర్లు. మన అనంతపురం వానలో ఇది మూడోవంతు. వాన తక్కువ కాబట్టి వరద ఉండదనుకోవడం సహజం. కానీ ఆ కొద్ది వానలో వేసవి వాటా కొన్ని సాయంత్రాల్లోనే కుమ్మరిస్తుంది.

ఆ కుమ్మరింపు కోసమే ఎదురుచూసే మనుషులూ ఉన్నారు. దక్షిణ అరిజోనాలోని తొహోనో ఓధామ్ ప్రజలు వంకలు విచ్చుకుని పల్లంలో పరుచుకునే చోట్ల చేలు వేసుకున్నారు. వరద తెచ్చిన నీరూ ఒండ్రూ చేలోకి మళ్లేలా కంపలతో, మట్టితో కట్టలు వేసేవారు. ఒకటి రెండు తడులతోనే కాపుకొచ్చే టెపరీ చిక్కుడు వాళ్ల పంట. అక్కడి స్పేడ్‌ఫుట్ కప్పలదీ అదే ఎదురుచూపు. నెలల తరబడి భూమిలో ఉండి ఉరుముల అదురుకు పైకి వస్తాయి. గుంటల్లో నీళ్లు ఇంకేలోగా గుడ్లు పెట్టేస్తాయి. పిల్లలు పది రోజుల లోపే కప్పలై గెంతగలవు.

ఈ దేశానికి చదువుకో ఉద్యోగానికో వచ్చి, సెలవు దొరికితే కారేసుకుని లోయలకు, మడుగులకు వెళ్లే మన పిల్లల గురించే నా బెంగ. 2017 జులై 15న ఇదే అరిజోనాలో పేసన్ దగ్గర ఎల్లిసన్ క్రీక్ మడుగులో ఈతకు దిగిన ఒకే కుటుంబంలో 10 మంది చనిపోయారు. ఎగువన అంతకు నెల ముందే అడవి తగలబడింది. కాలిన నేలలో మైనంలాంటి పొర కడుతుంది, అది నీటిని ఇంకనివ్వదు. వాన బూడిదనూ దుంగలనూ కలుపుకుని నల్లటి బురదై లోయలోకి దిగింది. వాతావరణ శాఖ మెరుపు వరద హెచ్చరిక జారీ చేసే ఉంది, ఆ లోయలో ఫోనుకు సిగ్నల్ లేదు.

రోడ్డు మీదా అంతే. ప్రవాహం 15 సెంటీమీటర్ల లోతున్నా వేగంగా ఉంటే మనిషిని పడగొడుతుంది, 30 సెంటీమీటర్లు చిన్న కారును తేలుస్తుంది. అడ్డుకట్టలు పెట్టిన చోట దాటుకుని నీళ్లలోకి కారు దింపి చిక్కుకుంటే, కాపాడిన ఖర్చు ఆ డ్రైవరు నుంచే వసూలు చేసే చట్టం అరిజోనాలో 1995 నుంచి ఉంది. అది సబబే అనిపించింది నాకు. కాపాడటానికి దిగేవాడిదీ ప్రాణమే.

చాండ్లర్ చేరేసరికి మావాడి స్నేహితుల నుంచి ఫోను. వచ్చే వారం పేసన్ వైపు ఏదో మడుగుకు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్దామని. మావాడు టైమెంతకు, ఎన్ని కార్లు అని అడగలేదు. “ఆ వాగు పైన ఈ ఏడు అడవి ఎక్కడైనా కాలిందా? మధ్యాహ్నం లోపు బయటపడగలమా?” అన్నాడు. అవతల ఎవరికీ తెలియదు. అయితే తెలుసుకుని చెప్పండి, అప్పటిదాకా మేము రావడం లేదని చెప్పి, అగ్నిప్రమాదాల మ్యాప్ ఎక్కడ చూడాలో వాళ్లకు వివరించడం మొదలుపెట్టాడు.