అసలు వాళ్ళింట్లో, కొసరు మా ఇంట్లో

కూరల బజారులో కిలో వంకాయలు తూయించుకున్నాక మా అమ్మ వెంటనే సంచి మూయదు. "కొసరేదీ?" అంటుంది. కొట్టతను గొణుక్కుంటూ ఇంకో రెండు కాయలు పడేస్తాడు. అసలు కొన్నవాళ్ళకే కొసరు. ఊరికే వెళ్ళి "నాకు కొసరొక్కటీ చాలు" అని చూడండి, ఏమంటాడో!

ఈ సంగతి పదహారో ఏట ఒక సీడీ నాకు బోధపరిచింది. "సినిమా పత్రికలో వీడియో గేముల గోలేమిటండీ?" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. "బాహుబలి" దగ్గరికీ వస్తాను, "మాయాబజార్" దగ్గరికీ వస్తాను. ముందొకసారి నందిగామ వెళ్ళొద్దాం.

2003లో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. మా ఇల్లంటే అప్పట్లో నాన్నా, బాబాయీ కలిసున్న ఉమ్మడి ఇల్లు. ఇద్దరిదీ ఒకటే పురుగుమందుల కొట్టు. పత్తి, మిర్చి వేసే రైతులే మా ఖాతాదార్లు. కొట్టు లెక్కలు అందులో రాస్తామని చెప్పి కంప్యూటర్ కొనిపించాం నేనూ, బాబాయి కొడుకూ. లెక్కలు చివరిదాకా ఎర్ర అట్ట చిట్టాలోనే ఉన్నాయి, అది వేరే విషయం. కంప్యూటర్ బిగించిన కుర్రాడు పోతూపోతూ "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్" రెండో భాగం ఎక్కించి ఇచ్చాడు. సీడీ ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1999లో వచ్చిన ఆట అది. చేతిలో ఒక ఊరి నడిబొడ్డు, ముగ్గురు పనివాళ్ళు, ఒక గుర్రపు వేగులవాడు. అడవి కొట్టాలి, పొలం దున్నాలి, ఇళ్ళు కట్టాలి, సైన్యం పెంచాలి. జనాన్ని పెంచాలంటే ముందు ఇళ్ళుండాలి. ఇల్లు లేకపోతే కొత్తగా ఒక్క మనిషి కూడా పుట్టడు! మొత్తం పదమూడు జాతులు. మౌస్ మా తమ్ముడిది, సలహాలు నావి. వాడికి ఎప్పుడూ యుద్ధం మీదే ధ్యాస. "ఒరేయ్, ఇళ్ళు కట్టరా, జనాభా నిండిపోయింది!" అని నేను పక్కన కూచుని మొత్తుకునేవాణ్ణి.

2004 వేసవిలో కొట్లో చిట్టాలు రాసినందుకు నాన్న నాకు నూరు రూపాయలిచ్చాడు. బస్సెక్కి బెజవాడ వెళ్ళి "ది కాంకరర్స్" సీడీ కొన్నాను. అదే ఆటకి 2000లో వచ్చిన ఎక్స్‌పాన్షన్ ప్యాక్. హూణులు, స్పెయిన్‌వాళ్ళు, అజ్టెక్‌లు, మాయన్లు, కొరియావాళ్ళు... అయిదు జాతులు కొత్తగా చేరాయి. సీడీ పెట్టగానే పాత ఆట లోపలే కొత్త గదులు తెరుచుకున్నట్టు అన్నీ వచ్చేశాయి. మొదట మాకు దొరికిన కథ అట్టిలాది. వాడు లోకాన్ని జయించడానికి బయల్దేరేముందు సొంత అన్న బ్లెడా చేతుల్లోంచి హూణుల పెత్తనం తీసుకోవాలి! మా తమ్ముడికి పట్టలేని సంతోషం. "అన్నయ్యా, నువ్వే బ్లెడా!" అంటూ ఆ వేసవంతా ఏడిపించాడు.

మరుసటేడు నాన్నా, బాబాయీ వేరుపడ్డారు. కారణాలు ఇక్కడ రాయను. ఇద్దరూ బతికే ఉన్నారు, ఈ పత్రిక కూడా చదువుతారు. పెద్దమనుషులు కూచుని వాటాలు తేల్చారు. కొట్టు నాన్నకి. డబ్బు తీసుకుని బాబాయి జగ్గయ్యపేట వెళ్ళిపోయాడు. సామాన్ల పంపకంలో, తమ్ముడు ఇంటర్ ఎంపీసీలో చేరబోతున్నాడు కాబట్టి, కంప్యూటర్ వాళ్ళకి పడింది. నా సొంత డబ్బుతో కొన్నాను కాబట్టి సీడీ నాకు మిగిలింది.

నాలుగు రోజులకి ఆ సీడీ జేబులో పెట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్ళాను. గంటకి పదిహేను రూపాయలు. లోపల పెట్టాను. కాసేపు గిర్రున తిరిగింది. ముందు అసలు ఆట ఎక్కించమని తెర మీద అక్షరాలు పడ్డాయి. అసలు ఆట జగ్గయ్యపేటలో ఉంది. బస్సెక్కితే గంట ప్రయాణం. కాని వెళ్ళేదెలా? "ఆ గడప తొక్కకండి" అని ఇక్కడా చెప్పారు, అక్కడా చెప్పారు.

ఆ నెట్ సెంటర్లో కుర్రాళ్ళందరూ ఆడేవి మూడే: ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్. పదిహేను రూపాయలు వృథా పోనివ్వడమెందుకని నేనూ వైస్ సిటీ మొదలెట్టాను. అది 2002లో వచ్చింది, కంప్యూటర్లకి 2003లో. దానికి ముందు 2001లో మూడో భాగం వచ్చిందని నాకు తెలీదు, తెలియాల్సిన పనీ పడలేదు. కొత్త ఊరు, కొత్త మనిషి, 1986 నాటి కథ. ఆ ఆట నన్ను ఏమీ అడగలేదు. అదే కుటుంబంలో 1999లో వచ్చిన "లండన్ 1969" ఉందే, దానికి మాత్రం మొదటి ఆట డిస్కు చేతిలో ఉంటేగాని పనయ్యేది కాదు. ఒకే ఇంటి పిల్లలు, ఒకడు మేడ మీద గది కట్టుకున్నాడు, ఇంకొకడు వేరు కాపురం పెట్టాడు!

ఈ లోకంలో రెండు రకాలూ మొదట్నించీ ఉన్నాయి. మేడల వాళ్ళలో ఘనులు "ది సిమ్స్". 2000లో అసలు వస్తే, 2003 లోపల దాని మీద ఏడు ప్యాక్‌లు పేర్చారు, గోడౌన్లో పత్తి బేళ్ళు పేర్చినట్టు. వాటిలో "సూపర్‌స్టార్" అని ఒకటుంది. అందులో మీ బొమ్మ మనిషి సినిమా తార అయిపోవచ్చు. మన పాఠకులకి ఎంత సరదా! కాని పునాది ఇల్లు కొనకుండా తార కాలేరు.

"హాఫ్‌లైఫ్" వాళ్ళు రెండు పద్ధతులూ చూశారు. 1998లో అసలు. 1999లో వచ్చిన "అపోజింగ్ ఫోర్స్"కి అసలు కావాలి. 2001లో వచ్చిన "బ్లూ షిఫ్ట్"కి అక్కర్లేదు. అసలు ఆటలో పక్కన నిలబడే కాపలావాణ్ణి అందులో హీరోని చేసి వాడి కథ చెప్పారు. పక్క వేషాలవాడికి సోలో సినిమా ఇచ్చినట్టు. అన్నట్టు, ఆ నెట్ సెంటర్లో అరుపులతో చెవులు చిల్లులు పొడిచే కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో ఈ హాఫ్‌లైఫ్ మీద అభిమానులు కట్టుకున్న పందిరే. 2000లో విడిగా అమ్మకానికొచ్చింది. మా ఊళ్ళో దాన్ని ఆడినవాళ్ళలో హాఫ్‌లైఫ్ పేరు విన్నవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. కొసరు అసలునే మింగేసింది.

మధ్యరకం కూడా ఉందండోయ్! 2006లో వచ్చిన "డార్క్ క్రూసేడ్" ఒంటరిగా ఆడుకుంటే పూర్తి ఆట. నలుగురితో కలిసి నెట్‌లో ఆడాలంటే మాత్రం కొత్తగా చేరిన రెండు జాతులే మీవి. మిగతావి కావాలంటే పాత ఆటలు కూడా ఉండాలి. వేరు కాపురం పెట్టి నీళ్ళు మాత్రం ఉమ్మడి ఇంటి బావిలో తోడుకోవడం!

సరే, మన సినిమాలకి వద్దాం. "పుష్ప" రెండో భాగం 2024 డిసెంబర్ 5న వచ్చింది. 2025 జనవరి 17 నుంచి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి "రీలోడెడ్" అన్నారు. ఇది ఖాయంగా కొసరే. ఆ ఇరవై నిమిషాలూ విడిగా చూపించరు, మళ్ళీ టిక్కెట్టు కొని మొత్తం చూడాలి. విడుదలైన రెండు వారాలకి "అదనంగా ఒక పాట" అని పోస్టరు మీద చీటీ అంటించడం మనకి పాత అలవాటేగా! వేరు కాపురానికి ఉదాహరణ "హిట్". 2020లో విశ్వక్ సేన్, 2022లో అడివి శేష్, 2025లో నాని. ముగ్గురు పోలీసులు, మూడు కేసులు. నేను రెండోది ముందు చూశాను, ఏమీ నష్టపోలేదు. "కల్కి" విడుదలకి నెల ముందు, 2024 మే 31న, "బుజ్జి అండ్ భైరవ" అని బొమ్మల కథ ఓటీటీలో వదిలారు. అదీ విడి కథే.

ఇంక "బాహుబలి". 2015 జూలైలో మొదటి భాగం, కట్టప్ప కత్తి దగ్గర ఆపి రెండేళ్ళు ఊరించారు. 2017లో రెండో భాగానికి మా నాయనమ్మని తీసుకెళ్ళాను. ఆవిడ మొదటిది చూడలేదు. దారి పొడుగునా కథ చెప్పబోతే "నోర్మూసుకోరా, నాకు తెలుసు" అంది. ఎలా తెలుసే అంటే "రాజ్యం కోసం అన్నదమ్ముల తగువేగా. ఇందులో తెలియందేముంది?" అంది. విశ్రాంతి దాకా బాగానే చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. ఎందుకని నేనడగలేదు.

ఆవిడ మాట నా బుర్రలో చాలాకాలం తిరిగింది. 1957 నాటి "మాయాబజార్" తీసుకోండి. భారతం కథే గాని పాండవులు తెర మీద ఎక్కడా కనపడరు! శశిరేఖా అభిమన్యుల పెళ్ళి, ఘటోత్కచుడి హడావుడి, అంతే. స్పిన్-ఆఫ్ అంటే అంతకన్నా గొప్పది నేను చూడలేదు. ఎవరికీ ఏదీ విడమరచి చెప్పకుండా కె.వి. రెడ్డిగారు అంత ధీమాగా ఎలా తీశారు? భారతం అప్పటికే ప్రతి ఇంట్లో ఎక్కించి ఉంది కాబట్టి. పైకి వేరు కాపురం, లోపల మేడ మీద గది.

అందుకే "స్టాండలోన్ గొప్పదా, ఎక్స్‌పాన్షన్ గొప్పదా?" అని కుర్రాళ్ళు వాదించుకుంటుంటే నాకు వేరే ప్రశ్న తోస్తుంది. అసలు ఎవరి దగ్గరుంది? ఉన్నవాడికి ఎక్స్‌పాన్షన్‌ని మించింది లేదు. అలవాటైన ఇల్లు, చేతికి తెలిసిన మీటలు, అందులో కొత్త గది. తక్కువ డబ్బుతో ఎక్కువ ఆనందం. లేనివాడికి అదే సీడీ అద్దం ముక్క. నాలాంటి చిన్న ఊరి కుర్రాడికి, సగం ఆటలు నెట్ సెంటర్లో సగం నుంచి మొదలెట్టేవాడికి, స్టాండలోన్ వాకిలి తీసి పెట్టిన ఇల్లు. "అన్‌ఛార్టెడ్"వాళ్ళు నాలుగో భాగానికి కొసరుగా అనుకున్న కథని పెంచి 2017లో "ది లాస్ట్ లెగసీ" అని విడి ఆటగా ఇచ్చారు. మన పడమటి కనుమల్లో జరిగే కథ. విడిగా ఇవ్వబట్టే, ముందు నాలుగూ ఆడని నేను కూడా ఒక స్నేహితుడి గదిలో కూచుని ఆడగలిగాను. నాకు కోపం వచ్చేది ఒక్కచోటే. "ఇది పూర్తిగా విడి కథ" అని ఇంటర్వ్యూల్లో చెప్పి, తీరా థియేటర్లో కూచున్నాక మొదటి భాగం చూడనివాణ్ణి వెర్రిముఖం వేయించే దర్శకులున్నారు చూశారూ, వాళ్ళ మీద. పేర్లు రాస్తే రేపు ప్రెస్‌మీట్‌కి పిలవరు.

2021లో నాయనమ్మ పోయింది. పదకొండో రోజు బాబాయివాళ్ళు వచ్చారు. పెద్దవాళ్ళు ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. తమ్ముడిప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. భోజనాలయ్యాక పెరట్లో నా పక్కన నిలబడ్డాడు. పదహారేళ్ళు! ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. చివరికి వాడే అన్నాడు: "అన్నయ్యా, ఆ సీడీ ఉందా?"

ఉంది. బీరువాలో, నా డిగ్రీ సర్టిఫికెట్ల కింద.

"ఆ కంప్యూటర్ ఎప్పుడో పాత సామానుకి వేశాం" అన్నాడు. "హార్డ్ డిస్క్ మాత్రం దాచాను."

2022 ఏప్రిల్ మొదట్లో మా ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి వేరుపడి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. నందిగామా జగ్గయ్యపేటా రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి లెండి, వాటిని విడదీయలేదు. ఆ నెలాఖరునే, 28న, మా పాత ఆటకి ఇంకో ప్యాక్ వచ్చింది: "డైనాస్టీస్ ఆఫ్ ఇండియా". మన ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు. అందులో రాజేంద్ర చోళుడి కథ ఉంది, అంటే మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి మేనమామ! దీనికీ అసలు కావాలి. 2019లో కొత్తగా చెక్కిన అసలు. నేను బీరువాలో దాచిన "కాంకరర్స్" మొత్తం ఆ అసల్లోనే కలిపేసి ఉంది. నా సీడీ ఇప్పుడు నిజంగానే దేనికీ పనికిరాదు.

ఆ రాత్రి తమ్ముడి దగ్గర్నుంచి ఫోను. "అసలు నేను కొని నీకు పంపిస్తున్నా. కొసరు నువ్వు కొనుక్కో."

అప్పట్నించీ శనివారం రాత్రిళ్ళు వాడు హైదరాబాద్‌లో, నేను నందిగామలో, ఒకే పక్షాన ఆడతాం. నాన్నా బాబాయీ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "బాగున్నావా" వరకే ఇంకా. మొన్నో రాత్రి నేను ఉరుమి పట్టిన సైనికుల్ని శత్రువు కోట మీదికి తోలుతుంటే చెవిలో వాడి గొంతు గయ్యిమంది.

"అన్నయ్యా, ఇళ్ళు కట్టు! జనాభా నిండిపోయింది!"