మునేటి గట్టున మా పెద్దమ్మ

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రాచబాటలో నందిగామ దాటినది మొదలు, డెల్టాలోని పచ్చని మళ్ళు వెనుకబడి, ప్రత్తిచేలును మిరపతోటలును గల నల్లరేగడి మెట్ట కన్నుల కెదురగును. దిగువసీమవారు దీనిని నీరులేని నేలయని చులకన చేయుట చిన్ననాటినుండి వినుచున్నాను. నాకు మాత్రము ఇచ్చటివారి మాటలోని నిక్కచ్చితనము డెల్టా మర్యాదలకంటె ప్రియతరముగా తోచును.

తొంబదియేండ్లు దాటి జీవించి గతించిన మా పెద్దమ్మ సంవత్సరీకమునకై ఆ మెట్టలోని మునేటి గట్టు పల్లెకు పోయితిని. ఆ దినమంతయు బంధువుల రాకపోకలతో గడచినది. మరునాటి భోజనమును గూర్చి మాత్రము వ్రాయక తప్పదు: వేడి జొన్నన్నము, గోంగూరపప్పు, పండుమిరపకాయలతో నూరిన కొరివికారము, దాలిలో పిడకల సెగపై సాయంకాలమువరకు కాగి మీగడ ఎఱ్ఱబారిన పాలను తోడుపెట్టగా కత్తితో కోయదగినంత గట్టిగా పేరుకొనిన పెరుగు. ఆ దాలి పెద్దమ్మ త్రవ్వుకొన్నదే. పట్టణములలో పంచభక్ష్యములు తినియు పొందని తృప్తిని ఆ వంటయింటి పీటపై పొందితిని.

వడ్డించుచు పెద్దమ్మ కోడలైన మా వదిన చెప్పసాగినది: "అత్తయ్య కోడి కూయకముందే లేచి, మునేట్లో చెలమ తోడి, నీళ్ళు ఊరిందాకా ఆ ఇసకలోనే కూర్చునేది నాయనా. రెండు బిందెలు తెచ్చి, గేదెల పాలు పితికి, మామయ్యకి చద్ది కట్టి, మళ్ళీ ఆయనతో పాటే చేలోకెళ్ళేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో నన్నసలు చెలమ దగ్గరికి పోనియ్యలా. పొద్దున్నే చలికి వణుకుతావు, నువ్వు పొయ్యి దగ్గరుండమ్మా అనేది."

సాగరు ఎడమకాలువ నీరు ఆ మెట్ట కందుటకు పూర్వపు మాట యది. తరువాత పెదనాయన పక్షవాతమున మంచము పట్టెను. మిరపకాయలు కల్లమున ఎండు దినములలో పెద్దమ్మ మధ్యాహ్నమున ఇంటికి వచ్చి, తన చేతి ఘాటు ఆయన పెదవులకు తగులునేమోయని మజ్జిగతో చేతులు రుద్ది కడిగికొని కాని ముద్ద కలిపెడిది కాదట. ఏండ్ల తరబడి ఈ నియమము తప్పలేదని వదిన చెప్పినప్పుడు నేను భోజనము మరచి ఆమె ముఖమువంక చూచుచుండిపోయితిని.

ఆ సీమలో పతివ్రతయనిన పెనుగంచిప్రోలు తిరుపతమ్మయే. అత్తయింటి ఆరళ్ళు సహించి, భర్త గోపయ్య పులివాత పడగా యోగాగ్నిలో లీనమైన ఆ సాధ్విని మునేటి యొడ్డున కొలుచుచున్నారు. రెండేండ్ల కొకపర్యాయము ఆ కొయ్యవిగ్రహములను రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసికొనిపోవుదురు. నేనును ఆ గుడిలో భక్తితో నమస్కరించితిని. అయినను, దుఃఖము అగ్నిలో ముగిసిన కథకు గుడి వెలయగా, దుఃఖము వెంట డెబ్బదియేండ్లు నడచి, తాను పడని సుఖమును కోడలికి పెట్టిన జీవితమునకు కథయైనను లేకపోవుట నాకు న్యాయముగా తోచలేదు.

మరునాడు జగ్గయ్యపేట పోయితిని. బేతవోలుగా నుండిన ఆ యూరికి రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టెను. చెంతనే ధనబోడు కొండపై బౌద్ధస్తూపము శిథిలమై యున్నది. 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన ఈ చోట వెలువడిన శాసన మొకటి నన్ను చిరకాలముగా ఆకర్షించుచున్నది. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమున సిద్ధార్థుడను శిల్పి తూర్పువాకిట ఐదు ఆయకస్తంభములు నిలిపి, రాజు పేరు చెప్పిన పిమ్మట తల్లి నాగిలని, భార్య సముదని, బిడ్డలు, సోదరుడు, అతని భార్య, వారి పిల్లలు, అందఱి పేళ్ళను ప్రాకృతమున చెక్కించెను. వారు రాణులు కారు. ఒక పనివాని యింటి ఆడువారు. నాగిలని ఏ చెలమ నీరు త్రాగెనో, ఏ ధాన్యము దంచెనో శాసనము చెప్పదు. కొడుకు ఆమెను మరువలేదని మాత్రము పదునేడు శతాబ్దములు దాటియు చెప్పుచున్నది.

ఆ సాయంకాలము అన్నయ్య, పాఠశాలలో తల్లి జ్ఞాపకార్థము కట్టించుచున్న మంచినీటి తొట్టికి వేయదలచిన శిలాఫలకము మాటలు చూపి దిద్దుమనెను. పైన పెదనాయన పేరు, దాని క్రింద "వారి ధర్మపత్ని" అని పెద్దమ్మ పేరు, అటుపైన కొడుకులు. నేను పెద్దమ్మ పేరు మొదటి పంక్తికి చేర్చి, కూతుండ్ర పేళ్ళును, కోడండ్ర పేళ్ళును వ్రాసి యిచ్చితిని. అన్నయ్య ఒకటికి రెండుసార్లు చదువుకొని తల యూపెను. గుమ్మమున నిలిచియున్న వదిన, "రాతి మీద నా పేరెందుకు నాయనా, ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నది. "పెద్దమ్మ ఉంటే తనే రాయించేది వదినా" అంటిని. ఆమె మారు మాటాడక పాలు తోడుపెట్టుటకు లోనికి పోయినది. కాగితము మరునాడే శిల్పికి చేరినది.